బోరెక్ ఏ జిల్లాలోకి?

ఊరు ఏ జిల్లాలో ఉండాలన్న దాని కోసం మనుషులు తలలు పగలగొట్టుకుంటారని ఎవరైనా చెబితే నేను నవ్వేసేదాన్ని. తొంభై ఎనిమిది వేసవిలో ఆ తలలకి కట్లు కట్టే పని నాకే పడింది. మా ఆయన జెనొన్ అప్పుడు బోరెక్ ఊరిపెద్ద. ఊరిపెద్ద అంటే ఏదో హోదా అనుకోకండి. గుమ్మం పక్కన ఒక రేకు బోర్డు, ఇంట్లో ఒక ఫోను ఉంటాయి. పన్ను వసూలు కాలేదని మండలాఫీసు వాళ్ళు తిడతారు, కట్టమన్నందుకు ఊళ్ళోవాళ్ళు తిడతారు. అంతకు మించి ఏమీ లేదు.

బోరెక్ మెంత్నా నదికి ఎడమ ఒడ్డు. నేను పుట్టి, మీలా అని పేరు పెట్టించుకున్న ఒల్షిన్ కుడి ఒడ్డు. మధ్యలో చెక్క వంతెన, ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పలుకుతారు. పూర్వం ఆ నది రెండు సామ్రాజ్యాల సరిహద్దు. ఇటు జారు చక్రవర్తి ఏలాడు, అటు జర్మన్ కైజరు ఏలాడు. ఆ రాజ్యాలు మట్టిలో కలిసి ఎనభై ఏళ్ళయినా ఇటువాళ్ళ నోట మేము ఇంకా శిలువగాళ్ళమే, ఎప్పుడో జర్మన్ శిలువ యోధులు మమ్మల్ని ఏలారని. మావాళ్ళ నోట వీళ్ళు చెప్పుల్లేని అంటెక్‌లు, అంటెక్ ఇటు ఇంటికొకడికుండే పేరు, జారు రోజుల్లో వీళ్ళ కాళ్ళకి బూట్లు ఉండేవి కావని. నా పెళ్ళినాడు కూడా చర్చి మెట్ల మీద ఎవడో, "జెనొన్, దానికి అన్నం వేళకి పెట్టరా, లేకపోతే గంట కొట్టి అడుగుతుంది" అని అరిచాడు, జర్మన్ల కింద బతికిన మాకు అన్నీ గడియారం ప్రకారమేనని. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇరవై ఆరేళ్ళు ఆ నవ్వుతోనే కాపురం చేశాను.

ఆ ఏడు ఫిబ్రవరిలో మా అత్తగారు పోయింది. గుండె నొప్పి. దొంబ్రోవో ఆసుపత్రి నది అవతల, వంతెన దాటితే కూత వేటు దూరం. ఫోను చేస్తే, "మీరు మా పరిధి కాదమ్మా, లిపోవెత్స్‌కి చేయండి" అన్నారు. లిపోవెత్స్ నుంచి అంబులెన్సు మంచులో అడవి చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆవిడ చేతులు చల్లబడ్డాయి. జెనొన్, మరిది వాత్సెక్ చెరో చెయ్యీ పట్టుకుని కూర్చున్నారు. ఒకే తల్లి, ఒకే మంచం, ఒకే చావు. దాన్నుంచి అన్నదమ్ములిద్దరూ రెండు వేర్వేరు పాఠాలు నేర్చుకున్నారు. ఆ వేసవి గొడవంతా అదే.

ఎప్పుడో ఎత్తేసిన జిల్లాలను మళ్ళీ పెడుతున్నారని, గీతలు కొత్తగా గీస్తున్నారని రాజధాని వార్సా నుంచి కబురొచ్చింది. లిపోవెత్స్ కూడా జిల్లా అవుతుందట, కానీ దానికి జనం చాలడం లేదు, నది ఒడ్డు ఊళ్ళు కావాలి. అవతల దొంబ్రోవో కూడా అవే ఊళ్ళ కోసం చేతులు చాపింది. ఏ ఊరు ఎటో గ్రామసభ పెట్టి చెప్పమన్నారు.

ఈస్టరు వెళ్ళాక ఒక సాయంత్రం వాత్సెక్ వచ్చాడు. వాడు ఊరి ఫైరింజను దళానికి నాయకుడు. మనిషి గుమ్మం పట్టనంత ఉంటాడు, నవ్వితే మాత్రం పాలపళ్ళ పిల్లాడిలా ఉంటాడు. ఉడికించిన దుంపలు, పులిసిన పాలు పెట్టాను.

"అన్నా, నువ్వు దొంబ్రోవో వైపు మొగ్గుతున్నావంటున్నారు ఊళ్ళో."

"మొగ్గడమేంట్రా, పూర్తిగా ఒరిగిపోయాను" అన్నాడు జెనొన్.

"లిపోవెత్స్ వాళ్ళు కొత్త ఫైరింజను ఇస్తామని మాటిచ్చారు. మనదాని ట్యాంకు చూశావుగా. నిప్పు దగ్గరికి వెళ్ళేలోపు రోడ్డంతా తడుస్తుంది, నిప్పు తప్ప."

"అమ్మకి ఫైరింజను కావాల్సొచ్చిందా?"

"మంచి బండి ఉంటే నేనే తీసుకుపోయేవాణ్ణి అమ్మని! ఎవడి పరిధీ అడక్కుండా!" వాత్సెక్ చెంచా బల్లకేసి కొట్టాడు. "ఆ శిలువగాళ్ళు ఫోనులో ఏమన్నారు? మీరు మావాళ్ళు కాదన్నారు. అలాంటోళ్ళ కాళ్ళ దగ్గరికి పోయి పడదామంటావా?"

"వాళ్ళ జిల్లాలో ఉంటే అలా అనరు కదరా."

"వదినా, నువ్వే ఎక్కించావు కదూ ఇదంతా?"

"నేను ఎక్కించాలంటే మీ అన్నకి తల ఖాళీగా ఉండాలి. అదెప్పుడూ మొండితనంతో నిండే ఉంటుంది" అన్నాను. వాడు నవ్వలేదు. దుంపలు సగం వదిలేసి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో వాడు తిండి వదిలేయడం నేను అదే మొదటిసారి చూడటం.

తరవాత ఊరు రెండుగా చీలింది. రెండుగా అంటే సమంగా కాదు. మగవాళ్ళు దాదాపు అందరూ వాత్సెక్ వెనక. వాళ్ళకి కొత్త ఇంజను కావాలి, ఎర్రగా మెరవాలి, సైరను లిపోవెత్స్ దాకా వినబడాలి. వాళ్ళలో అందరికంటే గట్టిగా అరిచేవాడు రిషెక్, మా పక్కింటి ఫేలా మొగుడు. తాగితే వాడి నోరు, ఆ తరవాత వాడి చెయ్యి, రెండూ ఆగవు.

జూన్‌లో సెయింట్ జాన్ పండగకి ఫైర్ స్టేషన్లో డాన్సు పెట్టారు. మా ఊళ్ళో పెళ్ళైనా సభైనా డాన్సైనా అన్నీ ఆ హాల్లోనే. దాని చుట్టూ ఉన్న చెక్క దడిని మండలం వాళ్ళు ఏటా కొత్తగా వేయిస్తారు, ఎందుకంటే ఏటా ఎవరో ఒకరు కొట్లాటకి ఆ పలకలు ఊడబీకుతారు. ఆ సాయంత్రం ఒల్షిన్ దళం కూడా వచ్చింది, మా తమ్ముడు గెరార్ద్ వాళ్ళ నాయకుడు. పొద్దు ఇంకా వాలనైనా లేదు. రిషెక్ బీరు సీసాతో గెరార్ద్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏరా శిలువగా, మా ఊరిపెద్దని మీ అక్కనిచ్చి కొన్నారంటగా?"

"మేం కొనుక్కోవాలంటే బూట్లున్నవాణ్ణి కొనుక్కుంటాం" అన్నాడు గెరార్ద్.

పలకలు ఊడుతున్న చప్పుడు నాకు హాల్లోకి వినబడింది. బయటికొచ్చేసరికి ముప్పై మంది మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పశువుల్ని బాదినట్టు బాదుకుంటున్నారు. పలకల్లో మేకులు ఉన్నాయి. గెరార్ద్ మోకాళ్ళ మీద ఉన్నాడు, తల మీద చర్మం చెవి దాకా ఊడి వేలాడుతోంది. వాడి మీద ఇంకో పలక ఎత్తినవాడు రిషెక్. జెనొన్ అడ్డం పడ్డాడు. ఆ దెబ్బ జెనొన్ డొక్కలో పడింది, లోపల ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. వాత్సెక్ మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. వాడి చేతిలో పలక లేదు. వాడు అరిచి ఆపితే అందరూ ఆగేవారు. వాడు అరవలేదు.

మర్నాడు మా కుక్క బావి దగ్గర ముక్కలై పడి ఉంది. పారతో నరికారు. దాన్ని యాపిల్ చెట్టు కింద పాతిపెట్టి జెనొన్ డొక్క పట్టుకుని అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాడు.

"వదిలేయ్ జెనొన్. ఏ జిల్లా అయితే మనకేంటి? దుంపలు ఎక్కడైనా దుంపలే" అన్నాను. నిజంగానే అన్నాను. భయమేసింది.

"మీలా, అమ్మ చెయ్యి చల్లబడుతున్నప్పుడు నేను పట్టుకునే ఉన్నాను. మళ్ళీ ఎవరిదీ అలా పట్టుకోలేను. నీది అసలు పట్టుకోలేను." తల ఎత్తకుండానే అన్నాడు. ఆ మనిషి నాతో జీవితంలో అన్న మంచి మాటలు ఏరితే గుప్పెడుండవు. అందులో అదొకటి. ఇక నేను వెనక్కి లాగలేదు, ముందుకే తోశాను.

పొద్దున్నే పాల క్యాన్లు దింపే చోట ఆడవాళ్ళందరం కలుస్తాం. అక్కడ మగవాళ్ళు ఉండరు, నిద్రలో ఉంటారు. నేను సూటిగా అడిగాను.

"మీ కాన్పులకి ఎవరెవరు లిపోవెత్స్ పోయారు?"

"నేను పోలేదక్కా, దార్లోనే కన్నాను. లారీలో, సిమెంటు బస్తాల మీద" అంది ఫేలా. అందరూ నవ్వారు. నవ్వి ఆగిపోయారు.

"మా ఆయనకి తెలిస్తే చంపేస్తాడు" అంది ఇంకొకామె.

"అందుకే తెలియనివ్వద్దు" అన్నాను.

మా గ్రామసభ సంగతి ఒకటి చెప్పాలి. సభకి రెండు వేళలు ప్రకటిస్తారు, మొదటి గంట, రెండో గంట అని. మొదటి గంటకి ఊళ్ళో ఓట్లున్నవాళ్ళలో ఐదో వంతైనా రాకపోతే సభ చెల్లదు. అప్పుడు కాసేపు ఆగి రెండో గంటకి మొదలుపెడితే ఎంతమంది ఉన్నా చెల్లుతుంది. మొదటి గంటకి ఐదో వంతు వచ్చిన సభ బోరెక్‌లో ఎవరి జ్ఞాపకంలోనూ లేదు. వచ్చినవాళ్ళు కూడా లోపలికి రారు. దడికి ఆనుకుని సిగరెట్లు కాలుస్తూ రెండో గంట కోసం చూస్తారు. మొదటి గంటకే హాల్లో కూర్చోవడం పెళ్ళివారు రాకముందే పంక్తిలో కూర్చున్నంత నామోషీ.

జూలైలో ఆదివారం, పూజ అయ్యాక సభ. సభ తరవాత భోజనాలు కూడా పెట్టాం, కట్లెట్లు, క్యాబేజీ. వంట ఆడవాళ్ళది కదా, పొద్దుటి నుంచి ఫైర్ స్టేషన్ వంటింట్లో మేమే. బయట దడి దగ్గర మగవాళ్ళు. ఒక్కొక్కరే వెనక తలుపులోంచి దుంపల బుట్టతో ఒకతె, ఉల్లిపాయలతో ఒకతె, ముసలమ్మలు ఊరికే చేతులూపుకుంటూ వస్తున్నారు. రిషెక్ కిటికీలోంచి తొంగి చూశాడు కూడా.

"ఏంటే, ఇంతమంది? సైన్యానికి వండుతున్నారా?"

"నువ్వొక్కడివే సైన్యమంత తింటావుగా" అంది ఫేలా. వాడు నవ్వుకుంటూ పోయాడు.

చర్చి గంట మొదటి వేళ కొట్టింది. మేం చేతులు ఏప్రన్లకి తుడుచుకుని వంటింటి తలుపు తీసి హాల్లోకి నడిచాం. జెనొన్ ఒక్కడే బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మమ్మల్ని లెక్కపెట్టాడు. ఐదో వంతు దాటాం. మా చేతుల నుంచి నూనె వాసన వస్తోంది.

"బోరెక్ గ్రామం దొంబ్రోవో జిల్లాలో చేరాలని కోరేవాళ్ళు చేతులెత్తండి." గొంతు పెద్దగా పెట్టలేదు.

చేతులెత్తాం. ఒకామె ఎత్తలేదు, ఆమె కట్లెట్లు మాడకుండా చూడటానికే వచ్చానంది. సంతకాలయ్యాయి. జెనొన్ కిటికీ తెరిచి దడి వైపు చూసి, "సభ అయిపోయింది. భోజనానికి రండి" అన్నాడు.

బయట ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. కొందరు నిజంగానే టోపీలు తీసి భోజనానికి బయలుదేరారు. ఆ తరవాత అర్థమయింది. మొదటి రాయి ఆ కిటికీలోంచే వచ్చింది. తలుపు విరిగింది. బల్లలు తిరగబడ్డాయి, వేడి నూనె పెనం ఎవరి మీదో పడింది, ఎవడో గొంతు చించుకుని అరిచాడు. జెనొన్ కాగితం చొక్కాలో పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు. ముందుకి దూసుకొచ్చింది వాత్సెక్.

"నన్ను ఆడాళ్ళ చేత నవ్వించావు కదన్నా! ఊరందరి ముందు!"

"చట్టం ప్రకారమే రా."

వాత్సెక్ అన్న మొహం మీద పిడికిలితో గుద్దాడు. ఒక్కసారే. జెనొన్ పన్ను నేల మీద పడింది. చిన్నప్పటి నుంచి వాణ్ణి వీపున మోసిన అన్న, వాడి వంక చూసి నోరు తుడుచుకుని, "అయిందా?" అన్నాడు. వాత్సెక్ బయటికి వెళ్ళిపోయాడు.

ఆ పొద్దు బోరెక్‌లో చాలా ఇళ్ళ తలుపులు మూసి ఉన్నాయి. మూసిన తలుపుల వెనక ఏం జరిగిందో మర్నాడు పాల క్యాన్ల దగ్గర కనబడింది. వాచిన కళ్ళు, చిట్లిన పెదాలు. ఒకామె తలగుడ్డ తీయలేదు, మొగుడు జుట్టు కత్తిరించేశాడట. ఫేలా రానేలేదు. వెళ్ళి చూస్తే పశువుల పాకలో కూర్చుని ఉంది, ఎడం చెయ్యి మోచేతి దగ్గర వెనక్కి తిరిగి ఉంది.

"గడపలో పెట్టి తలుపేశాడక్కా. మెల్లిగా వేశాడు" అంది.

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. వంతెన మీంచి నడిపించుకుని దొంబ్రోవో తీసుకెళ్ళాను. పరిధి కాదన్నారు. కాదన్నవాడి చొక్కా పట్టుకున్నాను. కట్టు కట్టారు.

ఆ ఓటుకి ఎంత బలముందో అప్పటికి నాకు తెలీదు. మా కాగితం మండలానికి పోతుంది, మండలం నుంచి ఇంకెక్కడికో, అక్కణ్ణుంచి వార్సాకి. అక్కడెవడో కాఫీ కప్పు దాని మీద పెట్టుకుంటాడు. కానీ ఊళ్ళో మాత్రం మేం దేశాన్నే అమ్మేసినట్టు చూశారు. మా దుంపల చేను రాత్రికి రాత్రి పసుపు రంగుకి తిరిగింది, కలుపు మందు కొట్టేశారు. దుకాణంలో నాకు రొట్టె అయిపోయిందనేవారు, నా కళ్ళెదుటే వెనకామెకి ఇచ్చేవారు. వాత్సెక్ మా ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు తల అటు తిప్పుకునేవాడు. జెనొన్ మాత్రం వాడు వెళ్ళేదాకా కిటికీ దగ్గరే నిలబడేవాడు.

రై పంట కోతలు మొదలయ్యాయి. గురువారాల్లో జెనొన్ మోటారు సైకిలు మీద మండలాఫీసుకి పోతాడని ఊరందరికీ తెలుసు. ఆ గురువారం బండి రిపేరులో ఉంది. విరిగిన ఎముక ఇంకా సలుపుతోందని భోజనం కాగానే గడ్డి కొట్టం అటక మీదికెక్కి పడుకున్నాడు. నేను చేలో ఉన్నాను. ఎండ మాడుతోంది. ముందు కొంగలు లేచాయి, తరవాత పొగ, తరవాత సైరను.

మా ఇల్లు ఊరి చివర, వంతెన పక్కనే. పరిగెత్తి వచ్చేసరికి కొట్టం కప్పు ఒక వైపు ఎర్రగా ఉంది. నది అవతల ఒల్షిన్ ఫైరింజను హారను కొడుతోంది, ముందు సీట్లో తలకి కట్టుతో గెరార్ద్. వంతెన మధ్యలో రిషెక్ ట్రాక్టరు అడ్డంగా ఆగి ఉంది. దాని చుట్టూ మా ఊరి దళం మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు, హెల్మెట్లు పెట్టుకుని మరీ.

"ట్రాక్టరు చెడిపోయింది వదినా" అన్నాడు వాత్సెక్, నా వైపు చూడకుండా. "మా ఇంజనూ స్టార్టవడం లేదు."

"కొట్టమేగా, ఇంకోటి కట్టుకుంటారులే. దొంబ్రోవో వాళ్ళు కట్టిస్తారు" అన్నాడు రిషెక్. వాడి చేతుల మీద డీజిలు వాసన నాకు అక్కడికే వచ్చింది.

"జెనొన్ లోపలున్నాడు" అన్నాను.

గట్టిగా అనలేదు, ఊపిరి లేదు. వాత్సెక్ మొహంలో రక్తమంతా దిగిపోయింది. రిషెక్ వైపు తిరిగాడు.

"బండి లేదన్నావు. వాకిట్లో బండి లేదు, ఖాళీ అన్నావు."

"లేదు మరి!"

వాత్సెక్ ఇంక ఆగలేదు. అంత లావు మనిషి అంత వేగంగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. గట్టు దిగి నదిలో నిలువునా మునిగి లేచి, నీళ్ళు కారుతూ తిన్నగా కొట్టంలోకి పోయాడు. కప్పు రేకులు పేలుతున్నాయి.

నేను గెరార్ద్‌ని పిలుస్తూ ట్రాక్టరుని తోశాను. కదల్లేదు. మగవాళ్ళు పక్కకి జరిగారు తప్ప చెయ్యి వేయలేదు. అప్పుడు చేలల్లోంచి ఆడవాళ్ళు వచ్చారు. పాల క్యాన్ల దగ్గరి వాళ్ళే. ఎవరూ ఎవరినీ పిలవలేదు. కట్టు కట్టిన చేత్తో ఫేలా ట్రాక్టరు ఎక్కింది, ఏడాదంతా దాన్ని తోలేది ఆమే, మొగుడు కాదు. తాళం చెవి లేదు, బ్రేకు వదిలింది, గేరు తీసింది.

"దిగవే! చంపుతాను!" అని రిషెక్ మీదికొచ్చాడు. ముసలమ్మ ఒకతె కొడవలి వాడి పొట్టకి ఆనించి నిలబడింది. వాడు నిలబడిపోయాడు.

"తోయండక్కా" అంది ఫేలా, దూకి.

తోశాం. వంతెన అంచు దడి చెక్కలు విరిగాయి, ట్రాక్టరు ముక్కు కిందికి వంగి నదిలో పడింది. ఆ చప్పుడుకి నా గుండె పొంగింది, ఇప్పటికీ పొంగుతుంది. ఒల్షిన్ ఇంజను వంతెన దాటింది.

వాత్సెక్ వాళ్ళన్నని కాళ్ళు పట్టి ఈడ్చుకుంటూ బయటికొచ్చాడు. వాత్సెక్ వీపు మీద చొక్కా లేదు, చర్మమూ లేదు. జెనొన్ నిచ్చెన కాలిపోతే కప్పు రేకు పట్టుకుని వేలాడాడట, రెండు అరచేతుల చర్మమూ ఆ రేకుకే అంటుకుపోయింది. ఇద్దర్నీ ఒకే ఇంజను మీద పక్కపక్కన పడుకోబెట్టాడు గెరార్ద్. ఈసారి దొంబ్రోవో ఆసుపత్రిలో పరిధి ఎవరూ అడగలేదు, ఆ వాసనకే తలుపులు తీశారు.

ఇద్దరికీ ఒకే గదిలో మంచాలు. వాత్సెక్ బోర్లా పడుకుని రోజూ ఏడ్చేవాడు.

"నాకు తెలుసన్నా. తగలబెడతానని వాడు చెప్పాడు. ఖాళీ కొట్టం కదా, బుద్ధొస్తుందిలే అనుకున్నాను. ఇంజను స్టార్టవకుండా వైరు నేనే పీకాను."

"ఊరుకోరా. లోపలికొచ్చావుగా" అనేవాడు జెనొన్.

పోలీసాయన వచ్చాడు, టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నిప్పెలా పుట్టిందన్నాడు.

"గడ్డి తడి ఆరకుండా కుప్పేశాం సార్. లోపల వేడెక్కి దానంతటదే రాజుకుంది. అవుతుంటుంది" అన్నాడు జెనొన్. అంత సాఫీగా అబద్ధమాడటం ఎప్పుడు నేర్చుకున్నాడో నాకు తెలీదు. వాత్సెక్ దిండులో మొహం దాచుకున్నాడు.

"మీరేమంటారమ్మా?"

జెనొన్ నా వంక చూశాడు. ఏం చూపో నాకు తెలుసు. నోరు మూసుకుంటే వాళ్ళిద్దరూ మళ్ళీ అన్నదమ్ములు. దాని కోసమే కదా ఆయన వేసవంతా కిటికీ దగ్గర నిలబడింది. కానీ నేను నోరు మూసుకుంటే రిషెక్ కూడా ఏమీ ఎరగనట్టు ఇంటికి పోతాడు. ఆ ఇంట్లో ఫేలా ఉంది, ఆమెకింకా ఒక చెయ్యి బాగుంది.

"గడ్డి నేనే ఆరబెట్టాను. ఎండు గడ్డి" అన్నాను. "తగలబెట్టింది రిషెక్. వంతెనకి అడ్డం పెట్టిందీ వాడే. మా మరిదికి ముందే తెలుసు. వాళ్ళ ఇంజను పనిచేయకుండా చేసింది మా మరిది."

"మీలా!" అన్నాడు జెనొన్.

"రాసుకోండి" అన్నాను పోలీసాయనతో.

రిషెక్‌ని జైల్లో వేశారు. వాత్సెక్‌కి కూడా శిక్ష పడింది, అన్నని కాపాడాడు కాబట్టి జైలు లేకుండా వదిలారు, దళం నాయకత్వం మాత్రం పోయింది. ఆగస్టులో రేడియోలో కొత్త జిల్లాల పేర్లు చదివారు. లిపోవెత్స్, దొంబ్రోవో, రెండు ఒడ్లూ కలిపి ఒకటే జిల్లా. మా సభ కాగితం ఎవరూ చదివినట్టు లేదు, అవతలి వాళ్ళదీ చదివినట్టు లేదు. గీత గీసినవాడికి మధ్యలో నది ఉన్నట్టు కూడా తెలుసో లేదో.

అక్టోబరుకి జెనొన్ ఇంటికొచ్చాడు. చేతులు రెండూ గుడ్డ మూటలు. వాత్సెక్ రోజూ వస్తాడు, ఇద్దరూ వంటింట్లో కూర్చుని వాళ్ళ నాన్న సంగతులు, గుర్రాల సంగతులు చెప్పుకుంటారు, నవ్వుకుంటారు. నేను లోపలికి రాగానే ఆపేస్తారు. వాత్సెక్ లేచి టోపీ పెట్టుకుంటాడు. వదినా అని పిలవడం మానేశాడు. ఊళ్ళో ఆడవాళ్ళు మంచివాళ్ళే, ఫేలా రోజూ మా ఆవులకి మేత వేసి పోతుంది, కానీ మా ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం బార్లీ సూపు చేశాను. ఆయనకి చేతులు లేనట్టే కదా, నేనే చెంచాతో పెట్టాలి. ఊది ఊది పెడుతున్నాను.

"వాడి పేరు చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు. హాస్పిటలు తరవాత ఆ మాట ఎత్తడం అదే.

"వాడికి తెలుసు జెనొన్. నువ్వు కాలుతుంటే వంతెన మీద నిలబడ్డాడు."

"నేనున్నానని తెలీదు. వాడు నా తమ్ముడు."

"నేనెవర్ని? ఇరవై ఆరేళ్ళు..."

ఆలోచించాడు. నిజంగానే, సరైన జవాబు కోసం వెతుకుతున్నట్టు కిటికీ వైపు చూస్తూ ఆలోచించాడు. కోపం లేదు ఆయన మొహంలో. కోపం ఉంటే బాగుండేది.

"నువ్వు అవతలిదానివి, మీలా" అన్నాడు. అని, తరవాతి చెంచా కోసం నోరు తెరిచాడు.

పెట్టాను. గిన్నె అడుగు కనబడేదాకా పెట్టాను, మూతి తుడిచాను. తరవాత ముందు గదిలోకి వెళ్ళి మా గెరార్ద్‌కి ఫోను చేసి బండి తీసుకుని రమ్మన్నాను.